ట్రాక్టర్ కొనాలా, బాడుగకు పిలవాలా? ఎకరాలు కాదు, గంటలు లెక్కబెట్టండి

కాలువకు నీళ్ళొదిలే కాలం దగ్గర పడేకొద్దీ మా రుద్రవరం మండలం ఊర్లలో పడుచు పిల్లోళ్ళ నోట ఒకటే మాట వినపడతాది. "బాడుగోళ్ళ కాళ్ళు ఎన్నాళ్ళు పట్టుకుంటాం? మనమే ఒక ట్రాక్టర్ దింపుదాం." ఇంట్లో పెద్దోళ్ళు గమ్మున వింటారు. ఆ మాట ఎనకాల అర ఎకరా అమ్మడమో, అమ్మ మెళ్ళో గొలుసు కుదువ పెట్టడమో ఉంటాదని వాళ్ళకు తెలుసు.

నేనూ ఐదెకరాల రైతునే. మా కాడ ట్రాక్టర్ లేదు. దుక్కి కాడ నుంచి కోత దాకా అన్నీ బాడుగ మిషన్లే. ట్రాక్టర్లున్న దాయాదులూ ఉండారు. రెండు దావలూ దగ్గర నుంచి చూస్తాండా కాబట్టి ఈ లెక్క రాస్తాండా. కొనొద్దని చెప్పడానికి కాదు. కొనేటప్పుడు ఏం కొంటాండామో తెలుసుకోని కొనమని చెప్పడానికి. నా మాట ఒక్కటే: ఐదారెకరాల రైతు ట్రాక్టర్ కొన్నాడంటే అతను బాడుగ వ్యాపారం మొదలుపెట్టినట్టే. తన సేద్యం ఆ వ్యాపారంలో ఒక చిన్న గిరాకీ మాత్రమే.

నిలబెట్టినా మేస్తాది

ఎద్దు పని లేకున్నా మేస్తాది, ట్రాక్టర్ పని చేస్తేనే డీజిల్ తాగుతాది అంటారు. డీజిల్ వరకు ఆ మాట నిజమే. కానీ ట్రాక్టర్ కూడా కొట్టంలో నిలబడి మేస్తాది. అది మేసేది తరుగు, వడ్డీ, ఇన్సూరెన్సు.

ఒకసారి కాగితం మీద పెడదాం. ఈ కింది రేట్లు లెక్క కోసం అనుకున్నవి. మీ ఊరి రేట్లు పెట్టుకోని మీరు మళ్లా వేసుకోండి.

45 హెచ్‌పీ ట్రాక్టర్, రోటవేటర్, కల్టివేటర్, దమ్ము చక్రాలు, ట్రాలీ అన్నీ కలిపి 12 లక్షలు అనుకుందాం. పదేళ్ళు వాడి అమ్మితే 3 లక్షల 60 వేలు వస్తాయనుకుందాం. అంటే పదేళ్ళలో 8 లక్షల 40 వేలు కరిగిపోయినట్టు. ఏడాదికి 84 వేలు. ఇది తరుగు.

ఇంగ వడ్డీ. మొదట్లో 12 లక్షలు, చివర్లో 3 లక్షల 60 వేలు దాంట్లో ఇరుక్కోనుంటాయి. సగటున 7 లక్షల 80 వేలు. ఏడాదికి నూటికి 10 రూపాయల లెక్కన 78 వేలు. అప్పు తేకుండా సొంత దుడ్లు పెట్టినా ఈ వడ్డీ వేసుకోవాల్సిందే. ఆ దుడ్లు వేరే చోట ఉంటే ఎంతో కొంత తెచ్చేవి, లేకుంటే ఇంకో అప్పన్నా తీర్చేవి. ఇన్సూరెన్సు, కొట్టం, చిల్లర ఖర్చులకు 15 వేలు వేద్దాం.

మొత్తం 1 లక్షా 77 వేలు. తాళం తిప్పకుండా ఏడాదంతా నిలబెట్టినా అయ్యే ఖర్చు ఇది.

నడిపితే గంటకు ఎంత? డీజిల్ ఐదు లీటర్లు, లీటరు వంద లెక్కన 500. ఆయిలు, రిపేర్లు, టైర్ల అరుగుకు 100. డ్రైవర్‌కు 100. మీరే నడిపినా మీ కూలి మీరు వేసుకోవాల. మొత్తం 700. ఊర్లో రోటవేటర్ బాడుగ గంటకు 1,300 అనుకుంటే, సొంత ట్రాక్టర్ వల్ల గంటకు మిగిలేది 600.

లక్షా 77 వేలను 600తో భాగించండి. 295 వస్తాది. ఏడాదికి 295 గంటలు తిరిగితే బాడుగా సొంతమూ సమానం. అంతకు తక్కువ తిరిగితే సొంతమే ఖరీదు.

ఇప్పుడు మా ఐదెకరాల కాడికి రండి. ఒక పంటకు దుక్కి, దమ్ము, చదును, తోలకం అన్నీ కలిపి ఎకరాకు ఆరు గంటలు అనుకుందాం. రెండు పంటలకు పన్నెండు గంటలు. ఐదెకరాలకు 60 గంటలు. బాడుగ ఇచ్చుకుంటే 78 వేలు. సొంత ట్రాక్టర్ అయితే లక్షా 77 వేలు, దాని మీద నడిపిన ఖర్చు 42 వేలు, కలిపి 2 లక్షల 19 వేలు. తేడా 1 లక్షా 41 వేలు. బాడుగ దండగ అనుకోని కొంటే ఏడాదికి అంత ఎక్కువ పడతాది.

ఈ లెక్కన ట్రాక్టర్ సేద్యానికే కిట్టాలంటే రెండు పంటలు పండే భూమి దగ్గర దగ్గర 25 ఎకరాలు ఉండాల. ఒకే పంట అయితే 50 ఎకరాలు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో ఒక కమతం సగటు 1.08 హెక్టార్లు. అంటే రెండు ఎకరాల అరవై ఏడు సెంట్లు. చిన్న, సన్నకారు రైతులే నూటికి 86 మంది. లెక్క ఎవురికి కిట్టాదో, ఎవురికి కిట్టదో ఇంగ చెప్పాల్సిన పనిలేదు.

షోరూంలో చెప్పని అంకె

ఆళ్లగడ్డకో నంద్యాలకో పోయి షోరూంలో కూర్చుంటే మొదట అడిగేది "ఎంత కడతావ్" అని. ధర మాట తర్వాత. 12 లక్షల్లో 3 లక్షలు మీరు కట్టి 9 లక్షలు అప్పు తీసుకున్నారనుకోండి. ఐదేళ్ళు, ఆర్నెల్లకొక కంతు, వడ్డీ నూటికి 10. కంతు దగ్గర దగ్గర 1 లక్షా 16 వేల 500 పడతాది. ఏడాదికి 2 లక్షల 33 వేలు. గంటకు 600 మిగిలే లెక్కలో ఈ కంతులు కట్టాలంటే ఏడాదికి 388 గంటలు తిరగాల. అందులో మీ 60 గంటలు తీసేస్తే మిగతా 328 గంటలు పక్కోళ్ళ చేలల్లో తిరగాల. తిరిగినంత మాత్రాన చాలదు. బాడుగ దుడ్లు వసూలు కావాల. మన ఊర్లల్లో బాడుగ ఎప్పుడిస్తారో మీకూ తెలుసు. పంట అమ్మినాక. పంట పోతే వచ్చే ఏడు. కంతు మాత్రం తేదీ దాటితే ఆగదు.

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మంచిదే. పన్ను కలపక ముందు ధర 8 లక్షలున్న బండి మీద 56 వేలు తగ్గుతాది. దాన్నే చూపించి "ఇప్పుడు కొనకపోతే ఎప్పుడు" అంటాండారు. కానీ ఆ 56 వేలు పదేళ్ళకు పంచితే ఏడాదికి 5,600. పది గంటల బాడుగ లాభం కూడా కాదు. తగ్గిన పన్ను చూసి లేని పని పుట్టదు.

ఊర్లో ఎన్ని బండ్లుండాయో చూడండి

వ్యాపారం అన్నాక గిరాకీ లెక్క చూడాల గదా. ఒక ఊరి ఆయకట్టు 1,500 ఎకరాలు అనుకుందాం. ఎకరాకు 12 గంటలు చొప్పున ఏడాదికి 18 వేల గంటల పని. ఊర్లో 30 ట్రాక్టర్లుంటే ఒక్కోదానికి 600 గంటలు. బాగా కిట్టుబాటు. ఆ 30 మంది సంపాదన చూసి ఇంకో 30 మంది కొంటారు. అప్పుడు ఒక్కోదానికి 300 గంటలు. మనం పైన తేల్చిన 295కి సరిగ్గా అంచున. ఆ పైన వచ్చే ప్రతి బండీ ఊర్లో అందరి గంటలూ కోస్తాది. గిరాకీ కోసం రేటు తగ్గిస్తారు. గంటకు 600 మిగిలేది 400 అయితే అవసరమైన గంటలు 442కి పోతాయి. ఉండేది 300. మునిగేది ఎట్లో చూసినారు గదా.

అందుకే మొదట కొన్నోడు బాగుపడినాడని, ఆఖర్న కొన్నోడు అట్లే బాగుపడడు. కొనాలని అనుకునే తమ్ముళ్ళు షోరూంకు పోకముందు ఊర్లో ఒక పొద్దు తిరిగి బండ్లు లెక్కబెట్టండి. పోయిన ఏడు ఒక్కోటి ఎన్ని గంటలు తిరిగిందో మీటరు చూసి అడగండి.

ఈ కథ మనదొక్కటే కాదు. మన మాదిరే చిన్న కయ్యలు, వరి సేద్యం ఉన్న దేశం జపాన్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆడ ఇంటింటికీ పవర్ టిల్లర్లు, ఆ తర్వాత ట్రాక్టర్లు, నాటు మిషన్లు, కోత మిషన్లు వచ్చినాయి. హెక్టారు భూమి ఉన్నోళ్ళు కూడా అన్నీ సొంతంగా కొన్నారు. వాటి అప్పు తీర్చడానికి వారమంతా ఫ్యాక్టరీలకు పోయి, సెలవు దినం సేద్యం చేసే పరిస్థితి వచ్చింది. దీనికి వాళ్ళ భాషలో ఒక పేరే పెట్టినారు, 'కికైకా బింబో' అని. మన మాటల్లో చెప్పాలంటే యంత్రాలు తెచ్చిన పేదరికం.

మరి అదును తప్పితే?

ఈడికి వచ్చేసరికి మీరు అడుగుతారు: "లెక్క సరే అన్నా, పదును పోయినాక ట్రాక్టర్ వస్తే ఎవురికి కావాల?" న్యాయమైన మాట. బాడుగలో అసలు నష్టం రేటులో ఉండదు, ఎదురుచూపులో ఉంటాది. కాలువకు నీళ్ళొస్తే అందరికీ ఒకే వారంలో దమ్ము కావాల. నల్లరేగడిలో వాన పడినాక నేల ఆరి, మళ్లా గట్టిపడే లోపల దొరికేది కొన్ని దినాలే. అప్పుడు బండి లేనోడు చివరి వరసలో నిలబడతాడు. బాడుగ బండి ఉన్నోడు ముందర తన చేను చూసుకుంటాడు, తర్వాత పెద్ద కమతాలు. అదీ సహజమే. పదెకరాలు ఒకే చోట దొరికితే, ఎకరా ఎకరాకు దావలు పట్టుకోని తిరగడు గదా.

కాబట్టి ఎదురుచూపుకు కూడా ధర కట్టండి. ఒక వారం ఆలస్యం వల్ల ఎకరాకు రెండు బస్తాలు తగ్గినాయనుకుందాం. ఐదెకరాలకు పది బస్తాలు. బస్తా 1,700 అనుకుంటే 17 వేలు. రెండు పంటలకూ అట్లే పోయినా 34 వేలు. లక్షా 41 వేలకు ఇంకా చానా దూరం.

ఇంకో మాట. అన్నిటికంటే భయం పెట్టేది కోత కాడ. వరి పడిపోయి, మబ్బు పట్టి, మిషన్ రాకపోతే కడుపు కాల్తాది. గింజలో తేమ 17 శాతం దాటితే మద్దతు ధర కొనుగోలు కాడ ఒప్పుకోరు. కానీ ఆ భయానికి ట్రాక్టర్ మందు కాదు. ఇరవై లక్షలు దాటే చైన్ మిషన్ను మనలో ఎవురూ కొనలేరు. తమిళనాడు నుంచి లారీల మీద వచ్చే మిషన్ల కోసం ట్రాక్టర్ ఉన్నోడూ, లేనోడూ ఒకే గట్టు మీద నిలబడి ఎదురుచూస్తారు. ఆ మిషన్లోళ్ళకు ఎట్ల కిట్టుతాది? కోతల ఎంబడి ఊరూరూ, జిల్లా జిల్లా తిరుగుతారు కాబట్టి. మిషన్ ఒక ఊర్లోనే ఉంటే వాళ్ళకూ కిట్టదు.

బాడుగకు పిలిచేటప్పుడు

సొంతం వద్దనుకుంటే బాడుగ బేరం నేర్చుకోవాల. చానా మంది రేటు ఒక్కటే అడుగుతారు. గంట లెక్కనా, ఎకరా లెక్కనా అనేది అంతకంటే పెద్ద విషయం. గంట లెక్క అయితే డ్రైవర్ నిదానంగా పోతే మీకు నష్టం. ఎకరా లెక్క అయితే వేగంగా పోతాడు, లోతు రాదు. కాబట్టి ఎకరా బేరం చేసినప్పుడు చేను మధ్యలోకి దిగి చేత్తో లోతు చూడండి, అంచుల్లో కాదు. గంట బేరం చేసినప్పుడు బండి వచ్చే ముందే కంప కొట్టి, రాళ్ళు ఏరి, దిగే దావ చేసి పెట్టండి. బండి చేను కాడ నిలబడిన ప్రతి నిమిషం మీ జేబులో నుంచే.

బండి చెడిపోతే గంటలు ఆపుతారా, డ్రైవర్ బత్తెం ఎవురిది, డీజిల్ ఎవురిది, ఇవన్నీ ముందే మాట్లాడి వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టుకోండి. తర్వాత గలాటా ఉండదు.

కోత మిషన్ కాడ ఇంకో పని చేయండి. మిషన్ పోయిన దావలో ఒక చదరపు మీటరు గీసి, గడ్డి తీసి, రాలిన గింజలు లెక్కబెట్టండి. మన నంద్యాల సోనా అంటే బీపీటీ 5204. సన్నగింజ, వెయ్యి గింజల బరువు 14, 15 గ్రాములే. చదరపు మీటరుకు వంద గింజలు రాలితే ఎకరాకు దగ్గర దగ్గర ఆరు కిలోలు. నాలుగొందలుంటే 24 కిలోలు. కోతకు ముందే రాలినవి ఎన్నో పక్కన కోయని చోట చూసి తీసేయండి. మిగిలింది ఎక్కువుంటే డ్రైవర్‌ను ఆపి వేగం తగ్గించమనండి, గాలి సరిచేయమనండి. గంట లెక్కన బేరమైతే వేగం తగ్గితే బాడుగ రొంత పెరుగుతాది. పెరిగే బాడుగ ఎక్కువా, మిగిలే గింజ ఎక్కువా అని ఆడికాడే తేల్చుకోవచ్చు.

అన్నిటికంటే పెద్ద బలం గుంపు. పక్క పక్క చేలోళ్ళు ఆరుగురు కలిసి ముప్పై ఎకరాలు ఒకేసారి చెప్పండి. బండోడికి దావ ఖర్చు మిగులుతాది, మలుపులు తగ్గుతాయి. రేటూ తగ్గిస్తాడు, ముందరా వస్తాడు. చివరి వరసలో నిలబడినోడు మొదటి వరసకు వచ్చే దావ ఇదే.

మధ్యలో ఒక దావ ఉంది: పొత్తు

మా జేజినాయన కాలంలో ఒంటెద్దు రైతులు ఇద్దరు కూడి కాడి కట్టేవాళ్ళు. ఈ పొద్దు నాది, రేపు నీది. అదే మాట జర్మనీలో 1958లో కొత్తగా మొదలైంది. బవేరియాలో బుఖ్‌హోఫెన్ అనే ఊర్లో ఎరిక్ గైయర్స్‌బెర్గర్ అనే ఆయన యంత్రాల సంఘం పెట్టించినాడు. దాంట్లో తెలివి ఏందంటే, మిషన్ సంఘానిది కాదు. ఎవురిది వాళ్ళదే. ఎవురి కాడ ఏ మిషన్ ఖాళీగా ఉంది, ఎవురికి ఏ పొద్దు కావాల, రేటు ఎంత, ఇవి కుదిర్చేది మాత్రమే సంఘం పని. ఒకరు ట్రాక్టర్ కొంటే ఇంకొకరు విత్తే గొర్రు, మరొకరు గడ్డి చుట్టే మిషన్ కొంటారు. అందరూ ఒకటే కొనరు. ఆ పద్ధతి జర్మనీ అంతా, పక్క దేశాలకూ పాకింది.

మన కాడ ప్రభుత్వాలు గుంపులకు కూడా సాయం ఇస్తామంటాండాయి. కేంద్రం 2014-15లో యాంత్రీకరణ పథకం మొదలుపెట్టి బాడుగ కేంద్రాలకు రాయితీ ఇస్తా వచ్చింది. మన రాష్ట్రంలో రైతు గ్రూపులకు 40 శాతం రాయితీ, 50 శాతం బ్యాంకు అప్పు, 10 శాతం గ్రూపు వాటా అని పెట్టి, 2022 జూన్ 7న గుంటూరులో 3,800 ట్రాక్టర్లు, 320 కోత మిషన్లు ఇచ్చినారు. 2023లో కేంద్రం 15 వేల మహిళా సంఘాలకు మందు కొట్టే డ్రోన్లు ఇస్తామనింది, ధరలో 80 శాతం, 8 లక్షలు మించకుండా రాయితీ. గమనించండి, ఈ పథకంలో ప్రభుత్వం కూడా డ్రోన్‌ను ఒక రైతు చేనుకు ఇవ్వలేదు. బాడుగకు తిప్పుకోమని ఇచ్చింది.

గ్రూపు అంటే మనోళ్ళకు అనుమానం. న్యాయమే. పేరు ఐదుగురిది, తాళంచెవి ఒకరిది అయితే అది గ్రూపు కాదు. కాబట్టి మొదటి దినమే నాలుగు రాతలు రాసుకోండి. వరస ఎవురిది ముందు, అది ప్రతి ఏడూ మారాల. సభ్యుడైనా గంటకు బాడుగ కట్టాల, బయటోళ్ళ కంటే రొంత తక్కువ. ప్రతి గంటకు ఇంత అని రిపేరు డబ్బు పక్కన పెట్టాల. మీటరు అంకె, డీజిల్ లెక్క అందరికీ కనపడేటట్టు ఫోన్ గ్రూపులో పెట్టాల.

దుడ్లు తక్కువుంటే ఇంకో ఉపాయం. ట్రాక్టర్ బాడుగకు పిలవండి, పనిముట్టు మాత్రం పొత్తులో కొనండి. ఒక విత్తే గొర్రు ముగ్గురు కలిసి కొంటే, తల బండి ఎవురిదైనా తగిలించుకోవచ్చు. తైవాన్ పంపు లాంటి చిన్న మందు పంపు సొంతానికే ఉండాల, పురుగు మన వరస కోసం ఆగదు.

పాత ట్రాక్టర్ తీసుకుంటే తరుగు, వడ్డీ సగానికి సగం తగ్గుతాయి. తిరగాల్సిన గంటలూ తగ్గుతాయి. రిపేర్లు మాత్రం ఎక్కువ వేసుకోండి. ఆర్సీ మీద పాత అప్పు తీరినట్టు ఎన్‌ఓసీ చేతికొచ్చే దాకా దుడ్లు ఇయ్యొద్దు. కొత్తదైనా పాతదైనా సేద్యానికని రిజిస్టరైన బండిలో కూలీలను ఎక్కించుకోని తోలితే, ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు రాకపోయే అవకాశం ఎక్కువ. ఇంటి ముందర బండి నిలబెట్టే ముందు ఇదీ గుర్తుండాల.

కొనేటట్టయితే

బండి నడపడం వచ్చి, రిపేరు తెలిసి, ఊరు దాటి పని వెతుక్కునే ఓపిక ఉండే తమ్ముడికి బాడుగ వ్యాపారం మంచి బతుకే. అట్లాంటోళ్ళు లేకుంటే మాలాంటోళ్ళ సేద్యమే నడవదు. అతను కొనాల. కానీ వ్యాపారస్తుడి మాదిరి కొనాల. గిరాకీ ముందు, బండి తర్వాత. ఇరవై మంది చేనోళ్ళ కాడికి పోయి "నేను తెస్తే నాకు ఇస్తారా, రేటు ఇది, వసూలు ఇట్ల" అని అడిగి, 300 గంటలు తేలినాక షోరూం గడప ఎక్కాల.

మిగతా వాళ్ళం ఈ సారి నీళ్ళొదలక ముందే ఒక పని చేద్దాం. మన కాలువ కింద పక్క పక్క చేలోళ్ళతో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి మూడు అంకెలు రాద్దాం: ఎవురికి ఎన్ని ఎకరాలు, ఏ వారం దమ్ము కావాల, పోయిన ఏడు బాడుగకు మొత్తం ఎంత ఇచ్చినాం. ఆ మూడో అంకె చానా మందికి తెలీదు. అది ముందర పెట్టుకోని ఇంట్లో మాట్లాడుకుంటే, గొలుసు కుదువ పెట్టాలా వద్దా అనేది నాయన కోపంతోనో మన రోషంతోనో కాకుండా కాగితం మీద తేలుతాది.